తొలిఘటం నాడు బీరు పందిరి

ఫోను బోర్లించి తొడ కింద పెట్టుకున్నాను. అయినా ఆ గ్లాసు కనిపిస్తూనే ఉంది. గ్లాసంటే గ్లాసా అది, పాలు పితికే చెంబుని గాజుతో పోతపోసి పక్కన చెవి అతికిస్తే ఎంతుంటుందో అంత, దాన్నిండా తేనె రంగు బీరు, పైన నాలుగు వేళ్ల మందాన నురగ, ఆ నురగ వెనకాల మా భవాని మొహం. దుర్గాభవాని, నా మనవరాలు, మా తిరుమలరావు కూతురు, జర్మనీలో ఇంజన్ల చదువు చదువుతున్న పిల్ల, నలుగురిలో గట్టిగా తుమ్మడానికి కూడా సిగ్గుపడే పిల్ల, బల్ల ఎక్కి నిలబడింది. కూర్చునే బల్ల! మోకాళ్ల దాకా గౌను, నడుముకి ముందువైపు ముడేసిన ఎర్రగుడ్డ, రెండు చేతులా ఆ గాజు చెంబు, వెనకాల కంటికి ఆనినంత మేరా జనం, అందరూ బల్లల మీదే, అందరి చేతుల్లోనూ చెంబులే. ఈ వైశాఖం ఎండలో, తాటాకు పందిరి కింద, చెమటకి చొక్కా వీపుకి అంటుకుపోయి ఉండగా నాకు ఒళ్లు చల్లబడింది. ఇంకోసారి తీసి చూద్దామనుకుంటాను, చెయ్యి రాదు. ఈ వెధవ ఫోను ఈ గంటలోనే మోగాలా, రేపు మోగితే ఏం పోయె, నిన్న మోగితే ఏం పోయె.

ఎదురుగా, అసిరితల్లి గుడి గుమ్మానికి ఇటుపక్క, పీట మీద మా ఆవిడ అసిరమ్మ. పసుపు నీళ్లలో ముంచిన చీర, ఆరీ ఆరని జుట్టు, పొద్దున్నించి ఎంగిలి పడలేదు. ఆవిడ ముందు కొత్త కుండ, పసుపు రాసి, కుంకం బొట్లు పెట్టి, మెడకి వేపమండలు చుట్టి, మూతి మీద దీపానికి మూకుడు. అమ్మవారి తొలిఘటం. ఊళ్లో ఆడవాళ్లంతా తలో ఘటం ఎత్తుతారు గాని తొలిఘటం కదిలాకే మిగతావి కదలాలి, అది గడప గడపకీ వంతు తిరుగుతుంది, తిరిగి తిరిగి మా గడపకి వచ్చేసరికి ఆవిడ జుట్టు నెరిసిపోయింది. కిందటి వంతు నాటికి మా తిరుమలరావు కడుపులో ఉన్నాడు, నెలలు నిండిన మనిషి ఎత్తకూడదని మా వదిన చేత ఎత్తించారు. అసిరి గోడవార నిలబడి, కడుపు మీద చెయ్యేసుకుని, డప్పుల వెనక పోతున్న ఆ ఘటాన్ని చూసింది. అన్నం వడ్డించేటప్పుడు ఒకే మాట, “మళ్లీ వొంతు దాకా ఉంతానంతావేటి మావా,” అంది. నేను వేళాకోళం చేశాను, యముడి దున్నపోతుకి మన వీధి మలుపు తిరగడం చేతకాదులే అన్నాను. ఉంది. మళ్లీ వంతుకి ఉంది, ఇదిగో ఎదురుగా కూర్చుని వేపమండ సర్దుతోంది, పెళ్లిపీటల మీద కూడా ఇంత కుదురుగా కూర్చోలేదు, నా తొడ కింద ఫోను కాలుతోంది.

నియమం ఉంది మరి. పందిరి రాట పాతిన నాటినుంచి తొలిఘటం ఇంట్లో నీచు ముట్టరు, మందు ముట్టరు. ఒక్కరు తప్పినా ఆ ఇంటి ఘటం కదలకూడదు, వంతు పక్క గడపకి పోతుంది. అత్తవారింటికి వెళ్లిన ఆడపిల్ల లెక్కలోకి రాదు, పెళ్లికాని పిల్ల మాత్రం ఎక్కడున్నా ఇంటి మనిషే. ఎక్కడున్నా అని పెట్టిన పెద్దవాళ్లు టెక్కలి దాకా ఊహించి ఉంటారు, మహా అయితే ఓడెక్కి రంగూను దాకా. జర్మనీ వాళ్ల లెక్కలో లేదు. అసిరి లెక్కలో ఉంది. రాట పాతిన పూటే నా చేత ఫోను చేయించి మరీ చెప్పింది.

“ఒలే గుంటా, నువ్వూ ఈ ఇంటి మనిసివే. నీసు ముట్టకు, తెల్సిందా?”

“ముట్టను మామ్మా. కోడిగుడ్డు కూడా తిన్ను.”

“మందో?”

“ఓలమ్మో! నానెప్పుడు తాగినాను మామ్మా!” అని నవ్వింది. ఆ నవ్వే, అచ్చంగా ఆ నవ్వే, ఇప్పుడు బల్లెక్కి నిలబడింది.

డప్పులు ఇంకా రాలేదు. కోటబొమ్మాళి నుంచి రావాలి. రైలుగేటుకి అడ్డంగా గూడ్సు ఆగిపోయిందట, డప్పులవాళ్ల ఆటో అవతలపక్క చిక్కుకుపోయిందట. అందరూ ఆ గూడ్సుని తిడుతున్నారు, నేనొక్కణ్నే దానికి మనసులో దణ్ణం పెడుతున్నాను, కదలకు తల్లీ, ఇంకాసేపు అక్కడే పడుకో. నిన్న భవాని నాకొక్కడికే మాట పంపింది, “తాతా, రేపు పక్కూళ్లో వసంతం పండగంట, బీరు సంత, క్లాసోళ్లందరం రైల్లో ఎల్తన్నాం, సూడ్డానికే తాతా, మామ్మకి సెప్పకు, కంగారు పడతాది” అని. సంతంటే సంతే అనుకున్నాను. నరసన్నపేట సంతలో బెల్లం దిమ్మలవాడు ఒక పక్క, కుండలవాడు ఒక పక్క ఉన్నట్టు అక్కడో మూల బీరు కొట్టు ఉంటుందనుకున్నాను. తర్వాత చెప్పుకొచ్చింది, గుడారాలట, ఒక్కో గుడారంలో మా ఊరూ పక్క ఊరూ గొడ్డూగోదాతో సహా పడతాయట, పొద్దున్నే మొదలట, వడ్డించే ఆడమనిషి రెండు చేతుల్లో పదేసి చెంబులు ఒక్కసారే మోసుకొస్తుందట, కోళ్లని కోళ్లలాగే కాల్చి పెడతారట, మీసాలు నెరిసిన ఆసాములు తోలు లాగూలు తొడుక్కుని భుజాల మీద పట్టీలు తగిలించుకుని ఒకటో తరగతి పిల్లల్లా తిరుగుతారట, బాజాలు మొదలవగానే అందరూ బల్లలెక్కి పాడతారట. నేను ఒక్క ముక్క నమ్మితే ఒట్టు. ఈ చుట్టుపక్కల కోతలు కొయ్యడం నా సొంత వ్యవసాయం. కళింగపట్నంలో ఎండబెట్టిన చేప నీడన పెళ్లివారు బంతి భోజనాలు చేశారని చెప్పినవాణ్ని. మా తాటితోపులో కల్లు తాగిన కాకి వెనక్కి వెనక్కి ఎగురుతూ పోయి నిన్నటి రోజున వాలిందని చెప్పినవాణ్ని. జర్మనీలో ఆవులు గడియారం చూసుకుని గాని పాలివ్వవని మొన్ననే టీకొట్టు దగ్గర చెప్పాను. అలాంటివాడికి మనవరాలు టోకరా వేస్తోందని, నా పోలికే వచ్చిందని మురిసిపోయాను కూడా. అబద్ధం కాదు! తోలు లాగూల ఆసామి ఫొటోలో దాని కాళ్ల దగ్గరే కూర్చున్నాడు, టోపీకి ఈక కూడా ఉంది. గుడారం కప్పు ఎక్కడుందో ఆనడం లేదు. లోకంలో నాకన్నా పెద్ద కోతలు నిజంగా జరుగుతున్నాయి, వాటి మధ్యలో మా పిల్ల నిలబడి ఉంది, చెంబుతో.

గంగులు బావ జరిగి జరిగి నా పక్కకి వచ్చాడు. అసిరికి అన్న. మా తర్వాత గడప ఆయనదే, వంతు జారితే ఘటం ఆయన భార్య కూర్మమ్మ నెత్తికెక్కుతుంది. ఆయన చేతిలోనూ ఫోనుంది. చూశాను, అందులోనూ అదే చెంబు.

“ఏటి బావా, మీ గుంట స్టేటస్సు పెట్టింది, సూసేవా? మా సెల్లి ఇంకా ఘటం ఎత్తనేదు, అది కుండ ఎత్తేసింది.”

“అది బీరు కాదు బావా. పానకం.”

“నురగొచ్చే పానకమా?”

“జర్మనీ బెల్లం అలాగే పొంగుతాది.”

రోజూ అయితే పడీ పడీ నవ్వేవాడు. నవ్వలేదు. కండువాతో మొహం తుడుచుకున్నాడు.

“నవ్వులాటకి రానేదు బావా. మా సెల్లికి నువ్వు సెప్తావా, నన్ను సెప్పమంతావా? తెలీక ఎత్తితే అది ఒకెత్తు. మనకి తెల్సి ఎత్తనిస్తే మరేటి? నాకు వొంతు అక్కర్నేదు. నాకు మా సెల్లి కావాల.”

మరేమిటి? ఏమవుతుందో ఊరందరికీ తెలుసు, ఎందుకంటే చెప్పింది నేనే. నియమం తప్పిన ఇంటి ఘటం అడుగడుక్కీ బరువెక్కుతుందని, మొదటి వీధిలో ధాన్యం బస్తా, రెండో వీధిలో ఏనుగు పిల్ల, మూడో వీధికి మోసేవాళ్ల మెడ భుజాల్లోకి దిగిపోయి తాబేలయిపోతారని, చూశాను నా కళ్లారా అని కూడా చెప్పాను. చిన్నపిల్లల్ని నవ్వించడానికి అల్లిన మాట. ఇప్పుడు అసిరి మెడ చూస్తున్నాను, సన్నటి మెడ, నరాలు తేలిన మెడ, మంగళసూత్రం తాడు ఒరుసుకుని నల్లటి గీత పడిన మెడ, నేను అల్లిన ఏనుగు పిల్ల ఎక్కడినుంచో నడిచొచ్చి నా ఎదురుగా నిలబడింది. భయం వేస్తోంది. అబద్ధమని తెలిసినవాడికే ఇంత భయమైతే నిజమని నమ్మి ఎత్తే మనిషికి మధ్యదారిలో తెలిస్తే? అక్కడే కూలిపోతుంది. ఇప్పుడే చెబితే? ఇక్కడే, పీట మీదే కూలిపోతుంది. మళ్లీ వంతు దాకా ఉంటానంటావా అని ఈసారి అడగదు కూడా.

నేను తాగలేదా ఏమిటి? మా పెళ్లయిన కొత్తలో నేనూ ఈ గంగులు బావా తాటితోపులో పడితే మమ్మల్ని ఎడ్లే ఇంటికి తోలుకొచ్చేవి, మేం బండి తోలడం కాదు. అప్పుడెవరూ తొడ కింద ఏదీ దాచలేదు. నవ్వుకున్నారు. మరి నాకింత అదురెందుకు? నియమం పోయిందనా? గౌను చూసా? ఆడపిల్ల చేతిలో చెంబుందనా? పోనీ నియమం లేని రోజున చూసి ఉంటే ఊరుకునేవాణ్నా, జర్మనీ బెల్లమని నవ్వేసేవాణ్నా? ఏమో. అన్నీ ముద్దగా కలిసిపోయాయి, ఏది దేనికో తీసి పక్కన పెడదామంటే వేళ్లకి అంటుకుంటోంది. ఒక్కటి మాత్రం విడిగా కనిపిస్తోంది. మామ్మకి మాటిచ్చింది. నాకైతే తప్పినా పరవాలేదు, నా మాటలన్నీ అలాంటివే, ఇచ్చిపుచ్చుకునేవి కావు. అసిరికి ఇచ్చింది. ఈ ఇంట్లో నోరు విప్పితే ఉన్నదే అనే మనిషి ఆవిడ ఒక్కతే.

“మావా!”

ఉలిక్కిపడ్డాను. పీట మీంచి చెయ్యి ఊపుతోంది.

“ఇలా రా. గుంటతో ఓపాలి మాటాడించు. దాని గొంతు ఇని ఘటం ఎత్తుతాను.”

“సిగ్నలు నేదే.”

“సిగ్నలు నేకపోతే నువ్వూ మా అన్నా ఇందాకట్నించి ఏటి సూస్తన్నారు?”

లేచాను. గంగులు బావ నా మోచెయ్యి పట్టుకుని వదిలాడు, ఆ పట్టులోనే ఉంది, చెప్పెయ్ అని. చెప్పేస్తాను. ఏమని? ఒసే అసిరీ, పిల్ల తాగింది, నువ్వు లే. ఇంత చిన్న మాట. జన్మలో ఇంత చిన్న మాట ఎప్పుడూ చెప్పలేదు నేను, మధ్యలో ఓ కాకో చేపో లేకుండా. ఆవిడ దగ్గర గొంతుక్కూర్చున్నాను, పసుపు వాసన, తడి మట్టి వాసన, నోరు తెరిచాను, ఫోను మోగింది. చేతిలో బతికున్న చేపలా కొట్టుకుంది. భవాని, బొమ్మతో సహా. నేను ఎర్రటిది నొక్కబోయేలోగా అసిరి లాక్కుని పచ్చటిది నొక్కేసింది.

గుడారం లేదు, బల్ల లేదు. ఆరుబయట, మబ్బు, వెనక పెద్ద రంగులరాట్నం తిరుగుతోంది. పిల్ల ముక్కు ఎర్రగా కందిపోయింది. ఏడుస్తోంది.

“ఏటే గుంటా, ఆ గౌనేటి? ఏడస్తన్నావేటి?”

“మామ్మా, నన్ను బయటికి గెంటేసినారు.”

“ఎవులు?”

“గుడారం కాపలావోళ్లు. నాను… నాను బీరు పారబోసినాను మామ్మా.”

అసిరి వేళ్లు ఫోను అంచు మీద బిగుసుకున్నాయి. గంగులు బావ నా వెనక ఊపిరి బిగబట్టాడు, నాకు వినిపిస్తోంది.

“అందరూ తాగు తాగన్నారు. ఫొటోలు తీసి నా పోన్లోనే స్టేటస్సు పెట్టీసినారు. తాగుదామనే ఎత్తినాను మామ్మా, అబద్ధం సెప్పను. నోటిదాకా వచ్చింది. తల్లికి సాక పొయ్యకుండా ఎలా తాగుతాను? బల్ల మీంచే పోసినాను, మూడుసార్లు. కింద కూకున్నోడి టోపీ మీద పడిపోయింది.”

సాక! నా బుర్రలో ఏదో ఢామ్మని పేలింది. మా ఇళ్లలో కల్లు తాగేవాడు ముందు నేల మీద మూడు ధారలు వదులుతాడు, అది అమ్మవారి వాటా, ఆ తర్వాతే మనిషి వాటా. ఈ పిల్ల మొట్టమొదటి గోలీసోడా పట్టుకున్న రోజున నేనే చెవిలో ఊదాను, ముందు అమ్మకి పొయ్యి, లేకపోతే నేలలోంచి నాలిక చాపి సోడా అంతా పీల్చేస్తుందని. నమ్మేసింది. సోడా పోసింది, కొబ్బరినీళ్లు పోసింది, బడిలో ఇచ్చిన పాలు పంతులమ్మ కాళ్ల మీద పోసి తొడపాశం తింది. పెద్దదయ్యాక మానేసిందనుకున్నాను. నోరు తిరగని ఊళ్లో, వేలమంది మధ్య, బల్లెక్కి, ఈక టోపీ ఆసామి నెత్తిన అసిరితల్లికి సాక పోసింది! ఆయన తుళ్లిపడి లేచాడట, అరిచాడట, బీరు చుక్క నేలపాలైతేనే ప్రాణం పోయేవాళ్ల మధ్య ధార కట్టి పోస్తే ఊరుకుంటారా, తాగి తూలుతోందనుకున్నారట, ఇద్దరు బండమనుషులొచ్చి చెంబు లాక్కుని, రెక్కలు పట్టుకుని బయట నిలబెట్టారట. మా పిల్లనే! ఒక్క చుక్క ముట్టకుండా తాగుబోతని గెంటించుకున్న మనిషి ఈ భూమ్మీద ఇంకెవరైనా ఉన్నారా?

“ఎందుకు పోసినావని అడిగినారు మామ్మా. సాకని ఆళ్ల బాసలో ఏటంతారో నాకు తెల్దు.”

“తాగినావా?”

“నేదు. సుక్క కూడా. కాని తాగుదామనుకున్నాను కదా. ఘటం ఎత్తకు మామ్మా. నా మూలాన్ని నీకేటైనా అయితే… అందికే పోను సేసినాను.”

అంటే చెప్పడానికి చేసింది. నేను దాచాలని తొడ కింద పెట్టుకున్నదాన్ని అది చెప్పడానికి చేసింది. నాకు చెంప ఛెళ్లుమన్నట్టయింది. అసిరి కుండ వంక చూసింది, మూకుట్లో ఇంకా వెలిగించని వత్తి వంక చూసింది, నా వంక అసలు చూడలేదు. ఏడుస్తుందనుకున్నాను. పీట మీంచి లేచి కూర్మమ్మని పిలుస్తుందనుకున్నాను. కూర్మమ్మ కూడా అప్పటికే చెంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. అసిరి ఫోనుని మొహానికి దగ్గరగా తెచ్చుకుంది.

“అయితే నీ వాటా కూడా అమ్మోరే తాగీసింది. నిన్ను గెంటించింది ఎవులనుకున్నావే?”

గంగులు బావ బిగబట్టిన ఊపిరి నా మెడ మీద వేడిగా తగిలింది. భవాని ఏడుపు ఆగింది, నోరు తెరుచుకునే ఉంది. నాదీ అంతే.

“తాగుదామనుకున్నావు గనక సిచ్చ ఉంది. జోళ్లు ఇప్పు. ఘటం ఊరు తిరిగొచ్చీదాకా నువ్వూ అక్కడ నడు.”

“మామ్మా, ఇక్కడ సలి. వానపడి బురద.”

“ఇక్కడ ఎండ. నావీ వొట్టికాళ్లే.”

గూడ్సు ఎప్పుడు కదిలిందో, ఆటో ఎప్పుడొచ్చిందో, డప్పులు ఒక్కసారిగా నా పక్కటెముకల్లో మోగాయి. వత్తి వెలిగింది. కుండ లేచింది. నేను ఫోను ఎత్తి పట్టుకుని ఘటం వైపు తిప్పి నడుస్తున్నాను, కళ్లు మాత్రం ఆ మెడ మీదే, ఏనుగు పిల్ల ఇప్పుడెక్కుతుందా, ఇప్పుడెక్కుతుందా, లేదు, మెడ నిటారుగా ఉంది, ఈ మనిషి ఇన్నాళ్లూ వంగి ముగ్గులూ వంగి నాట్లూ వేసింది కనక నేను చూడలేదు గాని ఆవిడ ఇంత పొడుగా! మొదటి గడప గంగులు బావది. గడప గడపకీ ఆ ఇంటి ఇల్లాలు ఘటం మోసే మనిషి కాళ్ల మీద పసుపునీళ్లు పొయ్యాలి. కూర్మమ్మ బిందెతో వచ్చింది, వంగింది, నీళ్లు అసిరి పాదాల మీద పడి దుమ్ముని కరిగించుకుంటూ పారాయి.

“తాతా!” అంది ఫోను. చూశాను. బొమ్మ ఊగిపోతోంది, బురద, గడ్డి, నీలం రంగు తేలిన పిల్ల కాళ్లు, ఆ కాళ్ల దగ్గర గొంతుక్కూర్చున్న తెల్లజుట్టు ముసలమ్మ ఎవరో, మెడనించి వేలాడే గుడ్డ, మిఠాయి కొట్టుదై ఉంటుంది, ఏదో గట్టిగా తిడుతోంది, తిడుతూనే కూజా వంచి ఆ బురదకాళ్ల మీద నీళ్లు పోస్తోంది, ఆవిర్లొచ్చే నీళ్లు, చేత్తో వేళ్ల సందులు కూడా రుద్దుతోంది. ఇటు చూశాను, కూర్మమ్మ బిందె. అటు చూశాను, ఆ ముసలమ్మ కూజా. ఫోను జారబోతే గంగులు బావ పట్టుకున్నాడు, ఆయనా చూశాడు, ఏటి బావా ఇది, ఏటిది, అంటున్నాడు.

“తాతా, ఈ మామ్మ ఎవులో నా కాళ్లు కడిగేస్తంది. ఎందుకో అడగనా?”

“అడక్కే పిల్లా,” అన్నాను. “నడు.”